కృత్తికలు - పిల్లలకోడి

ఆకసమున కంటికి గానవచ్చు నక్షత్రగుచ్ఛములలో కృత్తికలు మిక్కిలి ప్రసిద్ధములు. వీనినే తెలుగు జనులు పిల్లలకోడి యందురు. దూరదర్శినిలో గనబడు రూపమునకు ఈ రెండు పేర్లలో నేది చేరువయో విచారింతము.

కృత్తికల సంఖ్యనుగూర్చి ప్రాచీనులలో ఏకవాక్యత లేదు. తైత్తిరీయశ్రుతి యేడు పేర్లు చెప్పుచున్నది. పురాణములు కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆర్గురనుచున్నవి. 1610లో గెలీలియో తన చిన్న దర్శినితో చూచి 36 నక్షత్రములను చిత్రించెను. నేటి గణనమున అవి వేయికి మించినవి. కావున ఆఱు, ఏడు అనునవి కంటిచూపు మేరను దెలుపునవే కాని గుచ్ఛము మేరను దెలుపవు. తెలుగు పేరు సంఖ్యను జెప్పదు. ఒక్కచోట నొదిగిన గుంపును జెప్పును. ఈ తారలు సుమారు పదికోట్ల యేండ్ల క్రిందట ఒక్క మేఘమున బుట్టినవని నేటి శాస్త్రము. మనవారు దీని నెఱిగియే పేరిడిరనుట యతిశయోక్తి. చూచినదానిని జూచినట్లు చెప్పిరనుట యథార్థము.

తెలుగుదేశమున ఔత్సాహికుల దర్శినులకు చరిత్ర కలదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున వేధశాల నెలకొల్పెను. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదున 15 అంగుళముల దర్శినితో వేఱొకటి స్థాపించెను. 1908లో నది నిజాము ప్రభుత్వాధీనమయ్యెను. అయితే కృత్తికల వ్యాప్తి చంద్రబింబమునకు దాదాపు నాలుగింతలు. పెద్ద దర్శినిలో గుచ్ఛము తునుకలుగా మాత్రమే కనబడును. రెండుమూడంగుళముల దర్శినిలో, ఇరువదింతల వర్ధనమున, పిల్లలతోగూడ కోడి యంతయు నొక్కమాఱే కానవచ్చును.

నాడు నిజాము రాజ్యమున నుండి, 2016లో జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల రైతునకు కృత్తిక కార్తె సుపరిచితము. మే నెలలోని యా దినములలో సూర్యుడు కృత్తికలతో గూడియుండుటచే అవి కానరావు. మృగశిర కార్తె నాటికి వేకువజామున తూర్పున మరల పొడసూపును. కార్తికపూర్ణిమనాడు కాళేశ్వరమున స్నానమాడువారికి చంద్రుడు కృత్తికల చెంతనే యుండును. కాని యా వెన్నెలలో చిన్న తారలు మఱుగుపడును. దర్శినికి అమావాస్య చేరువ రాత్రులే తగినవి.

కావున బడిపంతులు పిల్లలకు దర్శినిని జూపుటకు ముందు, వారి యవ్వలు ఈ గుంపునేమందురో యడిగి వ్రాసికొని రమ్మనవలెను. గుచ్ఛము మరల మరల నుదయించును; వ్రాయబడని పేరు చెప్పువారితోడనే యస్తమించును.