చీటీ

చీటీ (చిట్టీ, చిట్‌ఫండు అని కూడా అంటారు) అనగా కొంతమంది సభ్యులు కలిసి, నియమిత కాలం పాటు వాయిదాల రూపంలో సొమ్ము చెల్లిస్తూ, వసూలైన మొత్తాన్ని వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకొనే ఏర్పాటు. ఇది ఒకే సమయంలో పొదుపు సాధనము, అప్పు సాధనము కూడా. కేరళలో దీనిని కురి అని కూడా పిలుస్తారు. ఆ రాష్ట్ర ప్రభుత్వమే చీటీల నిర్వహణకై 1969లో ఒక సంస్థను స్థాపించింది.

నిర్వహణ విధానము

చీటీని నడిపే వ్యక్తిని లేదా సంస్థను చట్టరీత్యా ఫోర్‌మన్ అంటారు. సాధారణంగా సభ్యుల సంఖ్య ఎంతో, నెలల సంఖ్య కూడా అంతే ఉంటుంది. ప్రతి నెల జరిగే పాటలో, మొత్తం సొమ్ములో ఎవరు ఎక్కువ తగ్గించుకొనుటకు అంగీకరిస్తారో వారికే ఆ నెల చీటీ దక్కుతుంది. తగ్గించిన సొమ్ము నుండి ఫోర్‌మన్ కమీషను పోగా, మిగిలినది సభ్యులందరికీ సమానంగా పంచబడుతుంది. చీటీ ఎత్తిన సభ్యుడు మిగిలిన వాయిదాలను విధిగా చెల్లించవలెను. అందుకై అతని నుండి జామీను తీసుకొంటారు.

ఉదాహరణ

20 మంది సభ్యులు నెలకు రూ. 5,000 చొప్పున 20 నెలలు కట్టే లక్ష రూపాయల చీటీని తీసుకొందాము. కమీషను 5 శాతము, అనగా రూ. 5,000. ఒక నెల పాట రూ. 20,000 కు పోయినచో, పాడినవారికి రూ. 80,000 లభిస్తుంది. కమీషను పోగా మిగిలిన రూ. 15,000 ను 20 మందికి పంచగా ఒక్కొక్కరికి రూ. 750 వస్తుంది. కావున ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసినది రూ. 4,250 మాత్రమే.

ఎవరికి ఎంత లాభము

పై చీటీలోనే, లెక్క సులభంగా ఉండుటకు, సభ్యునికి ప్రతి నెల రూ. 500 లాభము వచ్చినదనుకొందాము. అప్పుడు 20 నెలలలో అతడు కట్టేది రూ. 90,000.

* చివరి నెల వరకు ఆగిన సభ్యునికి పోటీ ఉండదు గనుక, కమీషను పోగా రూ. 95,000 లభిస్తుంది. ఇది నూటికి నెలకు అర్ధరూపాయికి కొంచెము పైన వడ్డీతో సమానము.
* రెండవ నెలలోనే రూ. 30,000 తగ్గించి పాడిన సభ్యునికి చేతికి వచ్చేది రూ. 70,000. అప్పటికి తాను కట్టిన రూ. 9,000 తీసివేయగా నికరంగా అందినది రూ. 61,000. దీనికి బదులుగా తరువాతి 18 నెలలలో రూ. 81,000 కట్టవలెను. అనగా నూటికి నెలకు మూడు రూపాయలకు పైగా వడ్డీ పడినట్లు.

కావున చీటీలో వచ్చే లాభనష్టాలు అది ఎప్పుడు, ఎంతకు ఎత్తినారు అనుదానిపై ఆధారపడి ఉంటాయి. పెండ్లి, వైద్యము వంటి అత్యవసరాలలో తొందరగా పాడుకొనేవారు ఇతర అప్పుల వడ్డీతో పోల్చి చూచుకొనుట అవసరము.

చట్టము

భారత పార్లమెంటు 1982లో చిట్‌ఫండ్ల చట్టాన్ని చేసింది. అంతకుముందు ఆంధ్ర ప్రదేశ్‌లో 1971 నాటి రాష్ట్ర చట్టము అమలులో ఉండేది. ముఖ్యాంశాలు:

* ప్రభుత్వ ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషను లేకుండా చట్ట పరిధిలోని చీటీలను ప్రారంభించరాదు.
* ఫోర్‌మన్ చీటీ మొత్తానికి సమానమైన నగదును రిజిస్ట్రారు పేర బ్యాంకులో ఉంచవలెను, లేదా దానికి ఒకటిన్నర రెట్లు విలువ గల ప్రభుత్వ సెక్యూరిటీలను బదలాయించవలెను.
* పాట సమయంలో కనీసం ఇద్దరు సభ్యులు హాజరై ఉండవలెను.
* వివాదములను రిజిస్ట్రారు వద్దకు తీసుకొనిపోవచ్చును.

2019 సవరణ ద్వారా కమీషను గరిష్ఠ పరిమితి 5 నుండి 7 శాతానికి పెరిగింది. ఒక వ్యక్తి నిర్వహించగల చీటీల మొత్తం పరిమితి లక్ష నుండి 3 లక్షల రూపాయలకు పెంచబడినది.

ప్రమాదములు, జాగ్రత్తలు

ఇరుగుపొరుగువారి మధ్య నోటిమాటపై నడిచే చీటీలకు నమ్మకమే ఆధారము. నిర్వాహకుడు పరారైనచో ఇంకా చీటీ ఎత్తనివారే, అనగా ఓపికగా పొదుపు చేసినవారే, ఎక్కువగా నష్టపోతారు. చట్టము కోరిన డిపాజిట్టు కూడా వారికి అక్కడ ఉండదు. రిజిస్టరు అయిన చీటీలకు సైతము బ్యాంకు డిపాజిట్ల బీమా (2020 నుండి రూ. 5 లక్షల వరకు) వర్తించదు. కనుక చేరుటకు ముందు రిజిస్ట్రేషను ధ్రువపత్రాన్ని పరిశీలించుట, ఒప్పందపు నకలు తీసుకొనుట, ప్రతి వాయిదాకు రసీదు పొందుట, ఉన్న పొదుపునంతటినీ ఒకే చీటీలో పెట్టకుండుట మంచిది. ఇతరుల చీటీకి జామీను సంతకము చేసినవారు, అసలు సభ్యుడు కట్టనిచో ఆ బాకీకి తామే బాధ్యులౌతారు.

ఇవి కూడా చూడండి

* పొదుపు
* చక్రవడ్డీ
* స్వయం సహాయక బృందము