బోదకాలు, రాత్రి డ్యూటీ

బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రయ్యాక ఒంట్లో షికారుకొస్తాయి. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ వాటిని దోమ కడుపులో చూశాడు. మన దేశంలో నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దాంతో ఆరోగ్య సిబ్బందికీ రాత్రి డ్యూటీ పడింది. బందరైనా గుడివాడైనా, సూదీ గాజుపలకా పట్టుకుని వీధిలోకి దిగితే ముందు పలకరించేవి కుక్కలే. తర్వాత, “ఈ వేళప్పుడు రక్తమేంటండీ?” అనే ఇల్లాలు.

2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు. “నా కాలు బానే ఉందిగా!” అంటారు జనం. అసలు ఆ మాత్ర బాగున్న కాళ్ల కోసమే. రక్తంలోని పురుగు పిల్లల్ని చంపి, దోమ వాటిని పక్కింటికి మొయ్యకుండా ఆపుతుంది. ముదిరిన వాపును మాత్రం తియ్యలేదు.

ఆ కాలికి మిగిలింది సబ్బూ నీళ్లే. రోజూ కడిగి, వేళ్ల సందులు పొడిగా ఉంచుకోవాలి. నాట్లప్పుడు దివిసీమ చేలో బురదలో నిలబడ్డ మనిషికి ఈ మాట చెప్పాలంటే చెప్పేవాళ్లకే నవ్వొస్తుంది. కానీ ఒరిసిన ఆ సందుల్లోంచే క్రిములు దూరతాయి. చలిజ్వరం వస్తుంది, వాపు పెరుగుతుంది, కూలి పోతుంది. గట్టెక్కాక కాలు కడుక్కోను మంచినీళ్లు, తుడుచుకోను పొడిగుడ్డ దొరకడం కూడా వైద్యమే.