దాతృత్వం – ఆదాయమూలం: మునగాల రాజా విద్యాపోషణపై ఒక పునఃపరిశీలన

కీలక పదాలు: మునగాల పరగణా, విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి, జమీందారీ వ్యవస్థ, వెట్టి, దాతృత్వం.

1. ఉపోద్ఘాతం

సంపన్నులైన ప్రముఖులు లోకహితాన్ని చాటినప్పుడల్లా వారి ధనవ్యవహారంపై ప్రశ్న తలెత్తుతుంది. ఇచ్చిన ధనం ఎలా వచ్చింది? చాటిన విలువను దాత తన రాబడి విషయంలో పాటించాడా? ఈ రెండు ప్రశ్నలు ఆధునిక తెలుగు వాఙ్మయ చరిత్రకు పరాయివి కావు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో గ్రంథ ప్రచురణ, గ్రంథాలయ స్థాపన, నిఘంటు నిర్మాణం గణనీయంగా జమీందారుల సహాయంపై ఆధారపడ్డాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరులోనే పోషకుడైన పిఠాపురం మహారాజు ఉన్నారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉదాహరణగా దాతృత్వానికీ ఆదాయమూలానికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. విద్యాపోషణ

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావులతోపాటు నాయని వెంకట రంగారావు కూడా దాని స్థాపకుల్లో ఒకరు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కొరవడిన కాలంలో ఆ సంస్థ చేసిన సేవ సుప్రసిద్ధం. 1906లో వెలసిన విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలికీ ఆయన అండ లభించింది. చరిత్ర, విజ్ఞానశాస్త్ర విషయాలను తెలుగులో సామాన్య పాఠకుడికి అందించడం మండలి ఆశయం. మునగాల సంస్థానంలో ఉద్యోగి అయిన లక్ష్మణరావు ఈ కృషికి మేధాసూత్రధారి. ఆయనకు జీవిక కల్పించడం కూడా ఒక విధమైన విద్యాపోషణే.

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. బానిసత్వ నిర్మూలనతో ముడిపడిన నాయకుడి కథతో తెలుగు విజ్ఞాన ప్రచురణోద్యమం మొదలైందన్న విషయాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

3. ధనం వచ్చిన దారి

మునగాల పరగణా నిజాం రాజ్యపు నల్లగొండ ప్రాంతం చుట్టుముట్టి ఉన్న బ్రిటిష్ భూభాగం. పాలనలో కృష్ణా జిల్లాకు చెందింది. నేడది తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉంది. మద్రాసు రాజధానిలో 1802 నాటి శాశ్వత శిస్తు విధానం ప్రకారం జమీందారు ప్రభుత్వానికి నిర్ణీత పేష్కషు చెల్లిస్తే చాలు. రైతుల నుండి వసూలైన దానిలో మిగిలినది అతని ఆదాయం. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకు సాగుహక్కును గుర్తించినా, అమలులో జమీందారు యంత్రాంగానిదే పైచేయిగా ఉండేది.

1937–38లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు దాకా సాగిన రైతు రక్షణ యాత్ర జమీందారీ ప్రాంతాల బాధలను వెలుగులోకి తెచ్చింది. ఆ దశకంలోనే మునగాల పరగణా రైతులు కూడా వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా సంఘటితమయ్యారు. నండూరి ప్రసాదరావు వంటి నాయకులు ఆ పోరాటం నుండి ఎదిగారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేవరకూ ఆ వ్యవస్థ చట్టబద్ధంగానే నిలిచింది.

4. ఒక పోలిక

అమెరికా ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ 1889లో ప్రచురించిన వ్యాసంలో, ధనికుడు తన జీవితకాలంలోనే సంపదను ప్రజాహితానికి వెచ్చించాలని వాదించాడు. మూడేళ్లకు, 1892లో, హోమ్‌స్టెడ్ కర్మాగారంలో వేతనాల కోత, కార్మిక సంఘంపై వేటు, ఇరుపక్షాలా ప్రాణనష్టం సంభవించాయి. కార్నెగీ అప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నాడు. నిర్వహణ హెన్రీ ఫ్రిక్ చేతిలో ఉంది. 1898లో ఆ కార్మికుల ఊరికే ఆయన గ్రంథాలయాన్ని ఇచ్చాడు. రోజుకు 12 గంటలు పనిచేసేవారికి చదివే తీరిక ఏదన్న విమర్శ నాడే వచ్చింది.

రెండు సందర్భాలకూ పోలికతోపాటు భేదమూ ఉంది. కార్నెగీ సంపద నీతిని సిద్ధాంతంగా ప్రకటించాడు కాబట్టి ఆ సిద్ధాంతంతోనే ఆయనను కొలవవచ్చు. మునగాల రాజా పోషించిన ఆశయం భాషాభివృద్ధి, విజ్ఞాన వ్యాప్తి, భూసంస్కరణ కాదు. మరో భేదం: కార్నెగీ గ్రంథాలయం కార్మికుల ఊరిలోనే వెలసింది. మునగాల రైతు చెల్లించిన శిస్తు ఫలం హైదరాబాదులోనూ మద్రాసులోనూ చదువుకున్నవారికి అందింది.

5. దంభమా?

‘దంభం’ అనడానికి చాటిన మాటకూ చేతకూ మధ్య తెలిసి తెచ్చుకున్న వైరుధ్యం ఉండాలి. 1930ల నాటి రైతుల ఆరోపణలను 1907 నాటి ప్రచురణ సందర్భానికి యథాతథంగా ఆపాదించడం శాస్త్రీయం కాదు. మనస్సులోని ఉద్దేశాన్ని తేల్చడం చరిత్రకారుడి పరిధిలోనిదీ కాదు. అయినంత మాత్రాన ప్రశ్న ముగియదు. బానిసత్వ నిర్మూలన కథను తెలుగువారికి అందించిన సంస్థకు అండగా నిలిచిన చేతులే, తమ పరగణాలో వెట్టిని ప్రశ్నించిన రైతులకు ఎదురుపక్షమయ్యాయి. దానం చేయడానికి మిగులు ధనం చాలు. హక్కును ఒప్పుకోవడానికి ఆ మిగులునే వదులుకోవాలి. దాత నిజాయతీకి పరీక్ష ఈ రెండవ సందర్భంలోనే ఎదురవుతుంది. మునగాలలో ఆ పరీక్షకు సమాధానం జమీందారు నుండి కాక, రైతు పోరాటం నుండీ శాసనం నుండీ వచ్చింది.

6. ముగింపు

ఈ పరిశీలనలో దోషం వ్యక్తికన్నా మన చరిత్ర రచనా పద్ధతిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. సాహిత్య చరిత్రలలో ఆయన విద్యాపోషకుడు. రైతు ఉద్యమ చరిత్రలలో జమీందారు. ఒకే మనిషి రెండు పుస్తకాల్లో రెండు పాత్రలుగా ఉండిపోవడంతో పుస్తకానికీ పొలానికీ గల సంబంధం తెగిపోయింది. పోషకుడిని నిందించినంత మాత్రాన విజ్ఞాన చంద్రిక విలువ తగ్గదు. ఆ విలువను కీర్తించినంత మాత్రాన రైతు బాకీ తీరదు. తెలుగు ప్రచురణ చరిత్రపై పరిశోధించేవారు కృతి, కర్త, పోషకులతోపాటు ఆదాయమూలాన్ని కూడా నమోదు చేయాలి. అప్పుడే పేరు తెలియని మునగాల రైతు కూడా ఆ గ్రంథాల పోషకుల్లో ఒకడిగా చరిత్రకెక్కుతాడు.