దారి కోసం గీసిన హద్దు: చర్ల – భద్రాచలం గోదావరి తీరం

భద్రాచలం వచ్చే యాత్రికులు గోదావరిలో స్నానం చేసి, మెట్లెక్కి, రాముణ్ణి దర్శించుకుని వెళ్లిపోతారు. ఈ తీరం గురించి ఎక్కువమంది విన్న చరిత్ర కంచర్ల గోపన్నది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారు. ఆలయ నిర్మాణం, ఆయన ఖైదు ఆ కాలానికి చెందినవి. రామలక్ష్మణులే వచ్చి ఆయన బాకీ తీర్చారన్నది భక్తుల విశ్వాసం. ఆ విశ్వాసానికి లోటు రాకుండానే ఈ తీరానికున్న మరో చరిత్రను పరిశీలించవచ్చు. అందుకు ఎగువన దుమ్ముగూడెం, చర్ల వరకు వెళ్లాలి.

మొదటి ఆధారం 1860 నాటి ఒప్పందం. దాని ప్రకారం నిజాం గోదావరి ఎడమగట్టు ప్రాంతాలను బ్రిటిష్ వారికి ఇచ్చాడు. నదిపై సుంకాలు లేని స్వేచ్ఛా రవాణా అందులో ముఖ్యాంశం. రెండో ఆధారం దుమ్ముగూడెం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఎగువ గోదావరి జలరవాణా పథకంలో అది భాగం. పడవలు రాళ్లను, వడిని తప్పించుకుని సాగాలన్నది ఉద్దేశం. 1871లో ఆ పథకం పనులు ఆపేశారు. ఈ రెండింటినీ కలిపి చూస్తే నదిని రహదారిగా మలచాలన్న ఆలోచన ఈ గట్టు పాలనను మార్చడంలో పాత్ర వహించిందని చెప్పవచ్చు. అదొక్కటే కారణమని మాత్రం అనలేం.

దారి పూర్తికాలేదు, హద్దు మిగిలింది. భద్రాచలం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. చర్ల మాత్రం 1909 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండిపోయింది. ఒకే నది, ఒకే గట్టు. అయినా 35 ఏళ్లపాటు రెండు ఊళ్లూ వేర్వేరు ప్రాంతీయ ప్రభుత్వాల కింద ఉన్నాయి. ఎదుటి గట్టున సారపాక, బూర్గంపాడు వైపు నిజాం పాలన 1948 దాకా సాగింది.

1959లో భద్రాచలం తాలూకాను, చర్ల ఉన్న నూగూరు తాలూకాను తూర్పు గోదావరి నుంచి ఎదుటి గట్టున ఉన్న ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరి వంతెన వచ్చింది. విలీనం వల్లే వంతెన వచ్చిందనడానికి ఈ వరుస ఒక్కటే చాలదు. కాగితం మీద కలిసిన రెండు గట్లకు రోడ్డు ఆ తర్వాత దొరికిందన్నది మాత్రం స్పష్టం. 2014లో హద్దు మళ్లీ మారింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, పక్కనున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో చేరింది.

నది ఈ గీతలను పట్టించుకోదు. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగుల నీటిమట్టం నమోదైంది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వరద వచ్చినప్పుడు దిగువ ఊరి భద్రత ఎగువ నుంచి అందే సమాచారం మీద ఆధారపడుతుంది. ఆ సమాచారం రాష్ట్రాల సరిహద్దు దగ్గర ఆగకూడదు.

కాబట్టి భద్రాచలం తీరాన్ని ఒక్క గుడి చరిత్రగా చెప్పడం చాలదు. 1860, 1874, 1909, 1959, 2014 – ఈ అయిదు మార్పులను స్నానఘట్టం దగ్గర ఒక పటం మీద చూపాలి. దుమ్ముగూడెం ఆనకట్టను, చర్లను ఆ పటంలో తప్పక చేర్చాలి. అప్పుడు దర్శనానికి వచ్చినవారికి తాము నిలబడ్డ గట్టు ఎన్ని ప్రభుత్వాల చేతులు మారిందో, ఎందుకు మారిందో తెలుస్తుంది.