తెలుగు సాఫ్ట్‌వేర్ కథ

కంప్యూటర్‌కు మొదట్లో అంకెలే తెలుసు. 1957లో ఫోర్‌ట్రాన్ వచ్చాక ఇంగ్లీషు మాటలు, లెక్కల గుర్తులతో దానికి పని చెప్పే వీలు కలిగింది. 1991లో యూనికోడ్ మన తెలుగు అక్షరాలకు చోటిచ్చింది. 2006లో వీవెన్ గారు చేసిన లేఖిని వచ్చింది. ఇంగ్లీషులో ఏ, ఎం, ఎం, ఏ అని కొడితే చాలు, తెరమీద 'అమ్మ' అని పడుతుంది. ఇంత చిన్న పనికి కూడా ఏది నొక్కితే ఏ అక్షరం రావాలో ప్రతి నియమమూ మనిషే కూర్చుని రాయాలి.

కృత్రిమ మేధ వచ్చి ఈ పద్ధతినే తిరగేసింది. నియమాలు ఎవరూ రాసివ్వరు. కుప్పలు కుప్పలుగా రాతలు చదివి అదే పట్టుకుంటుంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చింది, ప్రోగ్రాములే రాయసాగింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు తెలుగులో అడిగినా ప్రోగ్రాము రాసిస్తుంది. ప్రోగ్రామింగ్ చదవని వాళ్లకు ఇది పెద్ద వరమే!

అయితే అది చదివింది ఎవరి తెలుగు? కనియంబాడి, గుడియాత్తం పక్క మన తెలుగు నోళ్లలోనే ఎక్కువ, కాగితం మీద తక్కువ. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ విద్యార్థుల చేత తెలుగు కథలు పోగుచేయించి, వాటితో ఒక మోడల్ తయారుచేసింది. మన అవ్వల కథలు అట్లా ఎవరూ రాసి పెట్టకపోతే, 'వస్తా ఉండాడు' అని మనమంటే అది తప్పనుకుని 'వస్తున్నాడు' అని దిద్దుతుందేమో.