ఐసు మిషన్‌లోంచి వచ్చిన మార్గరీటా

మేం డాలస్‌కి వచ్చి పద్నాలుగేళ్లవుతోంది. ఎండల విషయంలో ఈ ఊరు మా నెల్లూరుకేం తీసిపోదు. జూన్ వచ్చిందంటే పెరట్లో పార్టీలు, ఆ పార్టీల్లో ఐసు గోళాలా లేత ఆకుపచ్చగా కనిపించే ఫ్రోజెన్ మార్గరీటా. మన తెలుగువాళ్ల ఇళ్లలోకీ అది ఎప్పుడో వచ్చేసింది. ఆడవాళ్లం మన గ్లాసు మనమే కలుపుకుంటున్నాం కూడా. అలాంటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే తప్పేముంది? పైగా దాన్ని తీసే మిషన్ పుట్టింది మా ఊళ్లోనే.

మార్గరీటాని మొదట ఎవరు కలిపారో అని అడిగితే నలుగురు నాలుగు కథలు చెబుతారు. మార్గరీటా సేమ్స్ అనే డాలస్ ఇల్లాలు 1948లో మెక్సికోలోని అకపుల్కోలో తన ఇంట్లో అతిథుల కోసం కలిపిందన్నది ఒకటి. ఆడవాళ్లకి ఈ కథే నచ్చుతుంది, నాకూ నచ్చింది. కానీ 1945లోనే ఒక టెకీలా కంపెనీ ప్రకటనలో ఆ పేరు అచ్చయిందంటారు. అంతకంటే నమ్మబుద్ధేసే సంగతి ఇంకొకటుంది. అమెరికాలో అంతకుముందే 'డైసీ' అనే పానీయాల కుటుంబం ఉండేది. ఏదో ఒక మద్యం, నిమ్మరసం, ఒక తియ్యటి లిక్కర్ కలిపితే డైసీ. స్పానిష్‌లో డైసీ పువ్వుని మార్గరీటా అంటారు. ఇక వేరే కథ ఎందుకు?

ఐసుతో రుబ్బడం మాత్రం బ్లెండర్ వచ్చాకే సాధ్యమైంది. 1922లో స్టీఫెన్ పోప్లాస్కీ అనే ఆయన సోడా ఫౌంటెన్లలో మాల్టెడ్ మిల్క్ కలపడానికి జారు అడుగున బ్లేడు తిరిగే మిషన్‌కి పేటెంటు తీసుకున్నారు. 1930ల చివర్లో ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండు నాయకుడు తన పేరుతో బ్లెండర్ని అమ్మకానికి పెట్టాడు. సంగీతం వాయించేవాడు మిక్సీ అమ్మడమేమిటి అనుకోకండి, ఆ వేరింగ్ బ్లెండర్లు ఈనాటికీ దొరుకుతున్నాయి.

అసలు కథ 1971లో. అప్పటిదాకా టెక్సస్‌లో రెస్టారెంట్లు మద్యాన్ని గ్లాసుల్లో పోసి అమ్మకూడదు. తాగాలనుకున్నవాళ్లు సీసాని కాగితపు సంచిలో చుట్టి వెంట తెచ్చుకునేవాళ్లు, లేదంటే ప్రైవేటు క్లబ్బుకి వెళ్లేవాళ్లు. 1970లో ఓటర్లు రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నాక ఆ తలుపు తెరుచుకుంది. మరియానో మార్టినెజ్ అనే కుర్రవాడు డాలస్‌లో మెక్సికన్ హోటల్ తెరిచాడు. నాన్న నేర్పిన ఫ్రోజెన్ మార్గరీటాకి జనం ఎగబడ్డారు. కానీ ఒక్కొక్క గ్లాసూ బ్లెండర్లో వేస్తుంటే బార్ కుర్రాళ్ల చేతులు పడిపోయాయి. రుచి కూడా ఒక్కో గ్లాసుకి ఒక్కోలా వచ్చింది. పెళ్లింట్లో వందమందికి ఒక్క మిక్సీతో చట్నీ రుబ్బినవాళ్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు!

ఒక ఉదయం కాఫీకని సెవెన్-ఎలెవెన్ కొట్టుకి వెళ్తే అక్కడ పిల్లల స్లర్పీ మిషన్ కనిపించింది. (ఆ సెవెన్-ఎలెవెన్ కూడా 1927లో ఇదే డాలస్‌లో ఐసు అమ్మే కంపెనీగా మొదలైందే. ఐసు రేవులో పాలు, గుడ్లు, బ్రెడ్ పెట్టి అమ్మడంతో ఆ వ్యాపారం పెరిగింది.) స్లర్పీ మిషన్ ఆయనకి దొరకలేదు. మెత్తటి ఐస్‌క్రీమ్ తీసే పాత మిషన్ ఒకటి తెచ్చి, తంటాలు పడి మార్చాడు. 1971 మే 11న దాంట్లోంచి మొదటి మార్గరీటా వచ్చింది. ఆ పని మీద ఆయన పేటెంటు తీసుకోలేదు, అందుకే ఊరంతా ఆ మిషన్లే అయ్యాయి. మొదటి మిషన్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

అందులోని కిటుకంతా పంచదార. మద్యం ఎక్కువైతే గడ్డకట్టదు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే, నలభై శాతం మద్యమున్న టెకీలా అందులో నీళ్లలాగే ఉంటుంది. ఒట్టి నీళ్లయితే రాయవుతుంది. పంచదార పాకం తగినంత ఉంటేనే చెంచాకి వచ్చే ముద్దవుతుంది. అందుకే ఇంట్లో చేసేటప్పుడు మద్యం పెంచితే నీళ్ల మార్గరీటానే మిగులుతుంది.

మా అమ్మ వచ్చినప్పుడు జారులో తిరుగుతున్నదాన్ని చూసి, "ఇదీ సారాయేగా?" అంది. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. పక్కూరి దుకాణం ముందు కూర్చున్నవాళ్లలో అమ్మ ఉంది. కూలి డబ్బు ఇంటికి చేరని ఇళ్లని చూసిన మనిషికి, "ఇది వేరు" అని ఎంత సులువుగా చెప్పగలను? చెప్పలేదు. అవునన్నాను. ఎంత పోస్తున్నానో కొలిచి చూపించాను.

ఆ కొలతే నాకు ముఖ్యం. చల్లదనం, తీపి రెండూ కలిసి మద్యం ఘాటుని కప్పేస్తాయి. స్ట్రా పెట్టుకుని పిల్లల షర్బత్‌లా తాగేస్తాం. అమెరికాలో ఒక 'డ్రింక్' అంటే నలభై శాతం మద్యం ఒకటిన్నర ఔన్సు, దగ్గర దగ్గర 44 మిల్లీలీటర్లు. నారింజ లిక్కర్‌లోనూ మద్యం ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయాలి. చేత్తో వంపే ఆవిడ చేతి గ్లాసులో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లో కొలగ్లాసు లేకుండా సీసా మూత తీయం. కారు నడిపేవాళ్లకి వేరే జగ్గు ఉంటుంది.

ఆ రెండో జగ్గులో టెకీలా, నారింజ లిక్కర్ రెండింటి బదులు నారింజ రసం, మిగతావన్నీ అవే. నలుగురికి ముప్పావు కప్పు నిమ్మరసం, అరకప్పు పాకం, నాలుగు కప్పుల ఐసు. రసం ముందు పోసి, ఐసు తర్వాత వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. నిమ్మకాయలు మాత్రం ఇక్కడి పెద్ద గింజల్లేని రకం కాకుండా 'కీ లైమ్' లేదా మెక్సికన్ లైమ్ అని రాసున్న చిన్నవి వెతకండి. అవి మన గూడూరు నిమ్మకాయ జాతే. స్పానిష్‌వాళ్లతో సముద్రం దాటి మెక్సికో చేరాయి. పిండేటప్పుడు వచ్చే వాసనే చెబుతుంది.