బల్లమీది యంత్రము, ఒడిలోని యంత్రము



గత వేసవిలో మా అన్నగారి మనుమరాలు నాయొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. ఆమె ఇంగ్లీషునుండి తెలుగులోనికి అనువాదములు చేయుచు జీవనము ఆరంభించినది. మందుల పెట్టెలలో వచ్చు కాగితములు, బ్యాంకుల దరఖాస్తులు, నీటిమోటార్ల వాడుక తెలుపు చిన్న పుస్తకములు, ఇవి ఆమె పని. ఏ కచేరిలోను కొలువు లేదు. పని వచ్చినపుడు చేసి, మాటకింత అని లెక్కగట్టి సొమ్ము పుచ్చుకొనును. ఇట్టివారిని ఫ్రీలాన్సర్లని పిలుచుచున్నారు. కంప్యూటరు కొనుటకు మా అన్నగారు సొమ్మిచ్చెదననిరి. ఏది కొనవలయునన్నదే చిక్కు. బల్లమీద కదలకుండు డెస్కుటాపా, సంచిలో వెంట వచ్చు లాపుటాపా?

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. చరిత్ర చదివినవానికి ఇది యొక జాడ్యము. ఏది యడిగినను వెనుకకు పోయి చూచును. ఆ చూచినదానిని నేడు మీకు విన్నవించుకొందును. ఈ ప్రశ్న మీ యిండ్లకును నేడో రేపో రాకమానదు. సొమ్ము మీ చేతిలోనిది గనుక తీర్పును మీదే.

అనువాదకునికి మొదటినుండియు కావలసినది ఒక్కటే: రెండు గ్రంథములను ఏకకాలమున కన్నులయెదుట పరచుకొను చోటు. కథ వ్రాయువానికి ఒక కాగితము చాలును. అనువాదకునికి మూలము ఒకవైపు, తన వ్రాత మరొకవైపు, నిఘంటువు వేరొకవైపు ఉండవలయును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి సంగతి మీరెరుగుదురు. ఆయన 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చెను. అక్కడ తన బంగళాలో పండితులను, వ్రాయసకాండ్రను కూర్చుండబెట్టి, తన జీతములోనుండి వారికి జీతములిచ్చి, తాళపత్రములను కాగితములపైకి ఎత్తించి, పాఠములు పోల్పించెను. వేమన పద్యములకు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదము 1829లో అచ్చయ్యెను. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. అది యొక మనిషి పనికాదు, ఒక యింటి పని. అయినను ప్రభుత్వోద్యోగికి బదిలీలు తప్పవు గదా! మచిలీపట్టణమునకు, రాజమహేంద్రవరమునకు పోయి మరల కడపకే చేరవలసివచ్చెను. బల్ల ఒకచోటను, యజమాని మరొకచోటను ఉండు కష్టము ఆనాడే యున్నది.

ఒకేచోట సర్వమును కూర్చుకొన్నవారికి మరొక ఆపద కలదు. బంగాళమున శ్రీరామపురములో విలియం కేరీ, ఆయన సహచరులు అనేక భారతభాషలలోనికి బైబిలును అనువదించి అచ్చువేయుచుండిరి. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ఆ అచ్చుకూటమున నిప్పంటుకొనెను. కేరీ ఆనాడు కలకత్తాలో ఉండెను. అచ్చుయంత్రములు దక్కినవి, అక్షరములను పోతపోయుటకు మూలమైన ఉక్కు ముద్దెలు బూడిదలో చెడక దొరకినవి. కాని వ్రాతప్రతులు పోయినవి. అనేక భాషల పదములను ఒకచోట చేర్చి కేరీ కూర్చుచున్న మహానిఘంటువు మరల పూర్తికానేలేదు. యంత్రము పోయిన కొనవచ్చును, వ్రాత పోయిన ఎక్కడ కొనవలయును? నాకును ఈ రుచి తెలియును. పదునాలుగు దినముల పనిని లాపుటాపులో ఒక్క ప్రతిగా పెట్టుకొని రైలెక్కి నిద్రపోతిని. లేచిచూచునప్పటికి సంచి లేదు. తప్పు దొంగదెంతో నాదియు అంతే.

టైపురైటరు కథ క్లుప్తముగ చెప్పెదను. షోల్సు అను అమెరికా దేశస్థుడు 1868లో హక్కుపత్రము పొందిన యంత్రమును 1874లో రెమింగ్టనువారు అమ్మకమునకు తెచ్చిరి. అది బల్లవిడిచి కదలునది కాదు. 1912లో కరోనా అను మడతయంత్రము వచ్చెను. దాదాపు మూడు కిలోల బరువు, చేతిపెట్టెలో ఇముడును. దానిని ఊరూర మోసినవారు విలేకరులు మొదలగువారు. చేతిలోని యంత్రము సాధారణముగ వార్త పంపువానికొరకు, సరకు అమ్మువానికొరకు పుట్టినది. రెండు పుస్తకములు విప్పుకొని కూర్చుండువాడు దానిని చేసినవారి తలపులో లేడు. ఈ మాట మున్ముందు పనికివచ్చును.

కంప్యూటరులలో ఈ రెండు జాతులకు చెందిన రెండు పేరుపొందిన యంత్రములు ఒకే యేట బజారుకెక్కినవి. 1981 ఏప్రిలులో ఆస్బర్న్ 1 అను మోతకంప్యూటరు బయలుదేరెను. వెల 1,795 డాలర్లు, బరువు దాదాపు 11 కిలోలు. కుట్టుమిషను పెట్టెవలె నుండును. తెర 5 అంగుళములే! అడ్డముగా 52 అక్షరములు మాత్రమే కనబడును. వ్రాతకు వలసిన వర్డుస్టారు అను సాధనము ఆ వెలలోనే కలిసివచ్చెను గనుక జనులు ఎగబడి కొనిరి. అయినను 1983 సెప్టెంబరునకు ఆ కంపెనీ దివాలా తీసెను. ఇక ఐ.బి.ఎం. వారి బల్లకంప్యూటరు 1981 ఆగస్టు 12న ప్రకటింపబడెను. దాని ప్రారంభపు వెల 1,565 డాలర్లు. కాని ఆ వెలకు తెర రాదు, వేరుగ కొనుక్కొనవలయును. వినుటకు ఇది మోసమువలె తోచును. నిజమునకు దాని బలమంతయు ఇందే యున్నది. తెర వేరు, మీటల పలక వేరు, పెట్టె వేరు. చెడినదానిని మాత్రమే మార్చుకొనవచ్చును, చాలనిదానిని పెంచుకొనవచ్చును. ఎడ్లబండికి ఇరుసు మార్చినట్లు.

మరుసటి సంవత్సరము, అనగా 1982లో, పుస్తకమువలె మూసి తెరచు గ్రిడ్ కంపాసు వచ్చెను. వెల 8,150 డాలర్లు. సామాన్యులకు అందునది కాదు. అంతరిక్షనౌకలో సయితము దానిని తీసికొనిపోయిరి. 1985లో తోషిబావారి టి1100, దాదాపు 4 కిలోలది, వచ్చినపిమ్మట ఈ జాతి నిజముగ సామాన్యుల ఒడిలోనికి చేరెను. 1991లో ఆపిల్‌వారు తమ పవర్‌బుక్కున మీటలను వెనుకకు జరిపి ముందు మణికట్టు ఆన్చుకొనుటకు చోటు విడచిరి. నేటి లాపుటాపు రూపము ఇదే.

ఇంతలో అనువాదకుని బల్ల మారిపోయెను. 1980లో మార్టిన్ కే అను భాషాశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసము వ్రాసి, యంత్రము మనుష్యునికి బదులు అనువదింప పూనుకొనరాదనియు, అతని బల్లయొద్ద సహాయుడై యుండి క్రమక్రమముగ మరికొంత పని తలకెత్తుకొనవలయుననియు వాదించెను. జర్మనీలోని స్టుట్‌గార్టున 1984లో అనువాదపు పనులు చేయు సంస్థగా పుట్టిన ట్రాడోస్, 1990 తరువాతి యేండ్లలో ఇట్టి సహాయుని అమ్మసాగెను. దాని పని యేమనగా, మీరు ఒకసారి అనువదించిన ప్రతి వాక్యమును దాచును. అట్టి వాక్యమే మరల వచ్చినపుడు పాత అనువాదమును తీసి చూపును. మోటారు పుస్తకములో “ముందు కరెంటు ఆపుడు” అన్నమాట నలువదిసార్లు వచ్చిన, ఒకసారి వ్రాసిన చాలును. మన కరణముగారి పాత దస్తావేజుల కట్టయే యనుకొనుడు. కాని దీనివలన తెరమీద మూలము, అనువాదము, పాత వాక్యము, పదముల పట్టిక అన్నియు ఒక్కసారి ఉండవలసివచ్చెను. బ్రౌను దొర గది మొత్తము తెరలోనికి వచ్చి కూర్చున్నది. తెర చిన్నదైన కొలది కన్ను అలసిపోవును; కన్ను అలసిన తప్పు దొరలును; మందు కాగితములో తప్పు దొరలిన తరువాత చెప్పవలసినదేమి? ఇప్పుడు యంత్రము తానే చిత్తుప్రతి వ్రాసి యిచ్చుచున్నది. దిద్దువానికి పోల్చిచూచుట తగ్గలేదు, హెచ్చినది.

తెలుగువానికి మరియొక కట్టు ఉండెడిది. 1990 ప్రాంతమున కంప్యూటరులో మన అక్షరములు కనబడవలెనన్న, పూనాలోని సి-డాక్ సంస్థవారి జిస్టు కార్డువంటి పలకను పెట్టె విప్పి కడుపులో అమర్చవలసియుండెను. అట్టి పలకకు లాపుటాపులో సాధారణముగ చోటులేదు. కనుక ఆనాటి తెలుగు పనికి బల్లయే దిక్కు. పైగా ఒక అచ్చుశాల అక్షరములు మరొక అచ్చుశాల యంత్రమునకు అర్థమయ్యెడివి కావు. 1991లో యూనికోడ్ అను లోకసమ్మతమైన అక్షరసంఖ్యల పట్టిక తొలి ముద్రణలోనే తెలుగునకు చోటు దొరకెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను తెలుగు అక్షరములతో వచ్చెను. అప్పటినుండియే, ఏది కొనవలయునన్న స్వేచ్ఛ తెలుగు అనువాదకునికి కలిగినది. 2008 మూడవ త్రైమాసికమున ప్రపంచమంతట లాపుటాపుల సరఫరా మొదటిసారి డెస్కుటాపులను దాటెను.

లోకము ఎన్నుకొన్నదని మనము ఎన్నుకొననక్కరలేదు. లాపుటాపులో తెరకును మీటలకును ఒకే కీలు. మీటలు చేతికి అందునట్లు పెట్టిన తెర క్రిందికి పోయి మెడ వంగును. తెర కంటియెత్తున పెట్టిన చేతులు గాలిలో వ్రేలాడును. గడియసేపు వార్త వ్రాయువానికి ఇది లెక్కలేదు. దినమునకు ఎనిమిది గంటలు కూర్చుండు పిల్లకు లెక్కయే. ఆపిల్‌వారు 1992లోనే దీనికొక ఉపాయము పన్నిరి. పవర్‌బుక్ డ్యువో అను చిన్న లాపుటాపును తెచ్చి బల్లమీది పెద్దపెట్టెలోనికి త్రోసిన, అది డెస్కుటాపై పనిచేసెడిది. నాకు ఆ ఊహ నచ్చినది.

మా పిల్లను నేను మూడు ప్రశ్నలడిగితిని. కరెంటు ఎన్నిసార్లు పోవును? దినమునకు రెండుసార్లయినను పోవుననెను. పని యెచ్చట చేయుదువు? ఇంటిలోనే, కాని ఏడాదిలో మూడు నెలలు తల్లి వైద్యముకొరకు విశాఖపట్టణమున ఉండవలయుననెను. సొమ్మెంత? మా అన్నగారు యాబదివేలకు మించనిచ్చువారు కారు. ఆమె ఇల్లు కదలనిదైనచో డెస్కుటాపునే కొనుమనియుందును; బాగుచేయించుట సులువు, అదే వెలకు బలమెక్కువ. కరెంటు పోయినపుడు వాక్యము పోకుండుటకు బ్యాటరీ పెట్టె వేరుగ కొనవలయును, అంతే. ఆసుపత్రిలో మంచముప్రక్క కూర్చుండవలసినదానికి అది చెల్లదు. కనుక నడిమితరపు లాపుటాపు ఒకటి, దానికి తగిలించుటకు ఎవరో వాడి అమ్మిన పెద్ద తెర ఒకటి, వేరుగ మీటల పలక ఒకటి కొనిపించితిని. ప్రతిరాత్రి పనిని రెండవచోట దాచవలయునని ఒట్టు పెట్టించుకొంటిని. శ్రీరామపురపు కథయు, నా రైలు కథయు చెప్పితిని.

మొన్న వారి యింటికి పోయి చూచితిని. పెద్ద తెర మూలగ్రంథమునకు, లాపుటాపు తెర తన వ్రాతకు పెట్టుకొన్నది. చిన్న తెర కంటియెత్తునకు రావలెనని దానిక్రింద నా బ్రౌను నిఘంటువును ఎత్తుపీటగా వేసినది. మాట దొరకనపుడు యంత్రమునెత్తి నిఘంటువును లాగుచు, మరల క్రింద పెట్టుచున్నది.